పచ్చబడ్డ నీటికి బ్లీచింగ్ లెక్క

వట్లూరు నుంచి కొల్లేరు వైపు ఏ దారి పట్టుకుని దిగినా, చెరువు గట్టు మీద నీటి రంగు చూసుకుంటున్న రైతు ఒకాయన కనిపిస్తాడు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా చేతిని నీళ్ళలోకి దించుతాడు. అరచేయి కనిపించీ కనిపించనట్టుంటే ఆయన మనసు కుదుటపడుతుంది. వేళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉంటే నీళ్ళలో బలం లేదని పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేయిస్తాడు. మణికట్టు దాటకముందే చేయి మాయమైందా, ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. పాచి ముదిరింది కాబట్టి చీకటి పడ్డాక అది ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లవారుజామున బొచ్చె, శీలావతి నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి.

నీటిని ఇంత శ్రద్ధగా చదివే మనుషుల మధ్య పెరిగాను. అందుకే ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ పచ్చబడితే మనవాళ్ళు చేసే పని చూస్తే బాధగా ఉంటుంది. చెరువు దగ్గర చేయి పెట్టి చూడనిదే గుప్పెడు సూపర్ కూడా వేయనివాళ్ళు, పూల్ దగ్గరికి వచ్చేసరికి బ్లీచింగ్ డబ్బా బోర్లించేస్తారు.

మా పెద్దమ్మగారి అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. ఊళ్ళో ఇల్లు కట్టుకుని వెనక చిన్న పూల్ కట్టించుకున్నాడు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ పిల్లలతో వస్తాడు, మిగతా రోజుల్లో దాని పూచీ నాది. మే నెలలో కరెంటు సరిగా లేక మోటారు ఆగితే చాలు, గోడలు జారుడు పడతాయి. నిచ్చెన మెట్ల వెనక ముందు పాచి పాకుతుంది, తర్వాత నీళ్ళే పచ్చబడతాయి. అన్నయ్య ఫోన్‌లో అనే మాట ఒకటే: “రెండు డబ్బాలు ఎక్కువే వేసెయ్యరా, పిల్లలొచ్చేసరికి తేటపడాలి.” నేను చెప్పేదీ ఒకటే: “ముందు కొలవనీ అన్నయ్యా.”

కొలత అంటే పెద్ద చదువేం అక్కర్లేదు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. అంటే 800 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 22,600 లీటర్ల పైచిలుకు. నీళ్ళు బాగా పచ్చబడ్డాయి గనక లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలనుకుందాం. అప్పుడు 226 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ మూడో వంతు ఉంటుంది కాబట్టి 700 గ్రాముల పొడి సరిపోతుంది. మూతి కట్టని సంచిలో ఒక వర్షాకాలం గడిపిన పొడి అయితే లెక్క మారిపోతుంది. బలం 20 శాతానికి పడిపోయిందంటే కిలో దాటి వేయాలి. ముద్దకట్టి, ఘాటు చచ్చిన పొడిలో మిగిలేది ఎక్కువగా సున్నమే. అది వేస్తే నీళ్ళు తెల్లగా మసకబారతాయి, పాచి అలాగే ఉంటుంది.

పొడి వేసే ముందు చూడాల్సింది పీహెచ్. ఇక్కడ చెరువు రైతుకు తెలిసిన సంగతే పూల్‌లోనూ పనికొస్తుంది. పాచి పగటిపూట నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తినేస్తుంది. అందుకే మధ్యాహ్నానికి పీహెచ్ పైకెక్కుతుంది. క్లోరిన్‌కు అదే గొడ్డలిపెట్టు. పీహెచ్ 7.5 ఉన్నప్పుడు నీటిలో కలిసిన క్లోరిన్‌లో దాదాపు సగం పాచిని చంపే రూపంలో ఉంటుంది. 8.5కి చేరితే పదో వంతే. పచ్చటి నీళ్ళలో పీహెచ్ చూడకుండా బ్లీచింగ్ కుమ్మరిస్తే డబ్బూ పొడీ చాలావరకు వృథా. నేను ముందు యాసిడ్‌తో 7.2 దగ్గరికి దించుతాను, మోటారు తిప్పి నీళ్ళు బాగా కలవనిస్తాను, ఆ తర్వాతే బ్లీచింగ్. యాసిడ్‌కు వాడిన మగ్గు బ్లీచింగ్‌కు ఎప్పుడూ వాడను. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పూల్‌లో వేసే ట్రైక్లోరో అనే క్లోరిన్ బిళ్ళలకు బ్లీచింగ్ తగిలినా ప్రమాదమే, మంటలు లేస్తాయి. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికీ తోటమాలికీ ఈ రెండు మాటలూ చెప్పకుండా ఆ డబ్బాలు గదిలో పెట్టకూడదు.

వేసేది సాయంత్రం, పొద్దు గుంకాక. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడే స్టెబిలైజర్ లేని నీటిలో, క్లోరిన్ గంట తిరక్కుండానే సగానికి సగం పోతుంది. బకెట్‌లో ముందు నీళ్ళు పోసి అందులోకి పొడి వదిలి, కర్రతో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరుకున్న నీటినే పూల్ చుట్టూ పోస్తాను. దానికి ముందు గోడలన్నీ బ్రష్‌తో రుద్దాలి. అసలు చాకిరీ ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. పాచి మీద జిగురు పొర ఉంటుంది, అది చిరగందే మందు లోపలికి దిగదు. రుద్దుతుంటే ఆకుపచ్చ పొగలా లేచి నీళ్ళలో కలుస్తుంది. అప్పుడు నీళ్ళు ముందుకన్నా అసహ్యంగా కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు.

అరగంటకు టెస్ట్ కిట్‌తో చూస్తే పది మిల్లీగ్రాముల క్లోరిన్ మూడుకు పడిపోయి ఉంటుంది. మిగతాదంతా పాచి తినేసింది. మళ్ళీ లెక్క కట్టి పదికి తేవాలి. ఇలా తెస్తూ పోతే పచ్చదనం బూడిదరంగుకి తిరుగుతుంది. అదంతా చచ్చిన పాచి. ఇసుక ఫిల్టర్ దాన్ని పడుతుంది, ఫిల్టర్‌ను వెనక్కి కడుగుతూ ఉండాలి. ఆ కడిగిన నీరు చేపల చెరువులో కలిసే బోదెలోకి వదలకూడదు. క్లోరిన్ లీటరుకు మిల్లీగ్రాములో కొద్ది వంతు ఉన్నా చేపల మొప్పలు దెబ్బతింటాయి. ఎండలో నిలవ ఉంచి, కిట్‌లో సున్నా చూపించాక వదలడం మేలు.

నీళ్ళు తేటపడగానే పని అయిపోయిందనుకుంటారు. నాకు నమ్మకం కలిగేది మాత్రం రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దు పొడవకముందు ఒకసారి చూసిన క్లోరిన్ అంకెలతోనే. రాత్రిపూట ఎండ లేదు, మనుషులు దిగలేదు. అయినా లీటరుకు ఒక మిల్లీగ్రాము కన్నా ఎక్కువ తగ్గిందంటే కంటికి కనబడని పాచి ఇంకా తింటూనే ఉంది.

నీటిలో ముందే ఏముందో తెలియకుండా మరొకటి కలపడం ఎంత దూరం తీసుకెళ్తుందో ప్రపంచమంతా ఒకసారి టీవీలో చూసింది. మన సింధు రజతం గెలిచిన 2016 రియో ఒలింపిక్స్‌లోనే డైవింగ్ పూల్ ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారింది. ఎవరో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు, అది క్లోరిన్‌ను విరిచేసింది. క్లోరిన్ కొలిచే యంత్రాలేమో అది ఉన్నట్టే చూపించాయని నిర్వాహకులు చెప్పారు. అలాగే పచ్చబడ్డ పక్క పూల్ నీళ్ళు మొత్తం తోడి వేరే నీళ్ళు నింపాల్సి వచ్చింది.

పూల్ ఉన్న ఇళ్ళు మా వైపు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బ్లీచింగ్ మాత్రం ఊరందరి కుళాయిలోనూ వస్తుంది. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నవాళ్ళు ఉన్నట్టు మూర్ఛపోయి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కొవిడ్ ఏడాది గనక వీధివీధినా బ్లీచింగ్ చల్లారు, మొదట్లో అనుమానం దాని మీదికీ పోయింది. తర్వాత ఎయిమ్స్, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నిపుణుల పరిశీలన పురుగుమందుల అవశేషాల వైపు చూపించింది. ఆ భయంలో కుళాయి నీళ్ళు ముట్టడం మానేసి డబ్బా నీళ్ళు కొనుక్కున్న ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. ఏ రోజు నీటిలో ఎంత క్లోరిన్ ఉందో వీధిలో అందరికీ తెలిసి ఉంటే కనీసం ఆ ఒక్క అనుమానమైనా ఆ రోజే తేలిపోయేది కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

తాగే నీటికి లెక్క చాలా చిన్నది. మామూలు బావి నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్, గంట సేపు ఆగడం. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలని భారతీయ ప్రమాణం. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన తేదీ గోడ మీద రాసే అలవాటు మన ఊళ్ళలో ఇప్పటికే ఉంది. ఆ పక్కనే, చివరి వీధి కుళాయి దగ్గర ఆ రోజు చూసిన మిగులు క్లోరిన్ అంకె కూడా రాయమని పంచాయతీ పెద్దలను అడుగుతున్నాను. క్లోరోస్కోప్‌తో అది ఐదు నిమిషాల పని. చూసేవాళ్ళు దొరకలేదంటే, మా వీధి కుళాయి దగ్గర రోజూ పొద్దున్నే నేను చూసి చెబుతాను.