తాడు వదులయ్యే క్షణం

గాలికి లేచిన ప్లాస్టిక్ సంచిని చూసి గుర్రం ఒక్క ఉదుటున పక్కకు దూకితే, దానికి పొగరెక్కువ అంటారు చాలామంది. నిజానికి అది బెదురు. క్రూరమృగాలకు ఆహారమయ్యే జంతువు గుర్రం. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అనుమానం వస్తే ముందు పరుగెత్తడం, తర్వాతే ఆగి చూడటం దాని నైజం. ఆ నైజమే దాని జాతిని ఇన్నాళ్లూ బతికించింది.

బెదిరిన గుర్రాన్ని కొడితే ఎదుటి వస్తువుకు నొప్పి కూడా తోడై భయం రెట్టింపవుతుందని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫోన్ రాశాడు. అయినా అమెరికా పశ్చిమ ప్రాంతపు పశుక్షేత్రాల్లో చాలాకాలం గుర్రాన్ని కట్టేసి, జీను బిగించి, ఎగిరెగిరి అలిసిపోయేదాకా స్వారీ చేసేవారు. ఆ పద్ధతిని వాళ్లు 'బ్రేకింగ్' అన్నారు, అంటే విరగ్గొట్టడం. గుర్రాల శిక్షకులు టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన అన్న బిల్, టామ్ దగ్గర నేర్చిన రే హంట్ (1929–2009) దాన్ని వదిలి మచ్చిక దారి పట్టారు. జీను మాట తర్వాత, ముందు నేల మీద పని. దాన్నే 'గ్రౌండ్‌వర్క్' అంటారు.

పన్నెండు అడుగుల తాడు, మెత్తని ముఖతాడు చాలు. నుదుటికి సూటిగా ముందు, తోక వెనుక గుర్రానికి కనబడదు కాబట్టి భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. అది తల ఎత్తి బిగుసుకుంటే అక్కడే ఆగాలి. చెవి మనవైపు తిరిగి, మెడ కాస్త వాలగానే మనమే ఒక అడుగు వెనక్కి వేయాలి. ఇలా వెళ్తూ వస్తూ ఉంటే, ఈ మనిషి తన మాట వింటున్నాడని దానికి తెలుస్తుంది.

తర్వాతి పాఠం వెనుక కాళ్లు పక్కకు జరపడం. గుర్రం పరుగుకు బలం అక్కడి నుంచే వస్తుంది. దాని నడుము వైపు చూస్తూ తాడు కొసను మెల్లగా ఊపుతాం. అది వెనుక కాలు ఒక్క అడుగు అడ్డంగా వేయగానే ఊపడం ఆపేస్తాం, తాడు వదులు చేస్తాం. ఈ విద్య ప్రాణమంతా ఆ వదలడంలోనే ఉంది. ఒత్తిడి గుర్రాన్ని అడుగుతుంది, విడుపు దానికి నేర్పుతుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే తాను చేసిన మంచి పని ఏదో దానికి అర్థం కాదు.

ఇక ఆ సంచి సంగతి. దాన్ని కర్రకు కట్టి దూరంగా కదిలించి, గుర్రం నిలబడగానే దించేయాలి. మరునాడు ఇంకాస్త దగ్గరగా. ఒకేసారి ఒంటిమీద రుద్దితే కొన్ని గుర్రాలు కదలకుండా నిలబడిపోతాయి. కళ్లు గాజులా, ఒళ్లు కట్టెలా మారిన ఆ నిశ్చలత్వాన్ని నెమ్మది అనుకుంటే మోసపోతాం. దారి లేక ఆశ వదులుకున్న స్థితి అది.

వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఫలితం తెలుసుకోవాలంటే పొద్దున్నే ముఖతాడు చేతబట్టి గేటు దగ్గర నిలబడి చూడాలి. నిన్నటిదాకా మూలకు తిరిగిన గుర్రం ఇవాళ తనంతట తానే నడిచివచ్చి ముఖం అందిస్తే, పాఠం ఒంటబట్టినట్టే.