మూలపేట వాళ్లది త్యాగమేనా?

ఈ పుస్తకం కోసం మన కుర్రవాళ్లు పంపిన వ్యాసాల్లో మూడు మూలపేట పోర్టు మీద వచ్చాయి. మూడూ కష్టపడి రాసినవే. కానీ మూడింటిలోనూ ఒక మాట దగ్గర మేము ఆగిపోయాం. మూలపేట, విష్ణుచక్రం ప్రజలు జిల్లా బాగు కోసం తమ ఊళ్లను త్యాగం చేశారని రాశారు. ఒకరైతే వాళ్లను త్యాగధనులని కూడా అన్నారు. ఈ మాట తప్పని మా అభిప్రాయం. రాసిన పిల్లల తప్పు కాదు. పేపర్లలో, సభల్లో విన్న మాటే వాళ్లూ రాశారు.

ఆ వ్యాసాలు చదివిన మాస్టారొకరు "సముద్రం ఒడ్డు ఊరితో కొండోలకేటి పని?" అన్నారు. పని ఉంది. మన సంతలకు ఎండుచేపలు వచ్చేది ఆ ఒడ్డు నుంచే. నౌపడ ఉప్పు తిని పెరిగినవాళ్లం. అదలా ఉంచినా, ఈ మాట మనకు కొత్త కాదు. 1948లో హిరాకుడ్ ఆనకట్ట కింద ఊళ్లు పోయేవాళ్లతో, మీరు బాధపడాల్సి వస్తే దేశం కోసం బాధపడండి అన్న అర్థంలో నెహ్రూ మాట్లాడారు. పోలవరం కింద పోతున్న కోయలు, కొండరెడ్ల గురించీ అలాగే మాట్లాడుతున్నారు.

సంగతి ఇది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. నాలుగు బెర్తులు, ఏడాదికి 23.5 మిలియన్ టన్నుల సరుకు, రూ.4,362 కోట్ల ఖర్చు అని చెప్పారు. అంతకుముందు భావనపాడు పోర్టు అనేవారు. మూలపేట, విష్ణుచక్రం వాళ్లకు నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు.

పోర్టు కావాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఉద్దానం కుర్రాళ్లు పనికోసం ఊరొదిలి పోతున్నారు. గుజరాత్ వేటకు వెళ్లిన మన జిల్లా మత్స్యకారులు 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పడ్డ యాతన తెలిసినవాళ్లెవరూ ఉద్యోగాల మాటను వెటకారం చేయరు. కాబట్టి పోర్టు కట్టాలా వద్దా అన్నది మేమిక్కడ తేల్చబోవడం లేదు. కట్టడానికి ఊళ్లను లేపినప్పుడు, ఆ పనిని ఏమని పిలవాలి అన్నదే మా విమర్శ.

త్యాగం అంటే ఇవ్వడం. ఇవ్వను అనే వీలున్నవాడే ఇచ్చానని చెప్పగలడు. మన పెద్దలు చనిపోయినవాళ్ల కోసం దున్నను బలిచ్చేవారు. దున్న త్యాగం చేసిందని ఏ గూడెంలోనూ ఎవరూ అనలేదు. కొండోళ్లకు తెలివి తక్కువ అనేవాళ్లు ఈ ఒక్క విషయం మన దగ్గర నేర్చుకోవచ్చు.

మరి ఒడ్డు ఊళ్లకు ఇవ్వను అనే వీలుందా? 2013 భూసేకరణ చట్టం చూడండి. ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. ప్రభుత్వం తన ప్రాజెక్టుకు తానే తీసుకుంటే ఆ లెక్క లేదు. సామాజిక ప్రభావం మీద విచారణ ఉంటుంది, అభ్యంతరాలు వింటారు, వినడంతో సరి. షెడ్యూల్డ్ ప్రాంతంలో మాత్రం ఏ సేకరణకైనా ముందు గ్రామసభ ఒప్పుకోవాలని అదే చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. మందస, మెళియాపుట్టి కొండల కింద మన గూడేల్లో చాలావాటికి ఆ జాబితాలో చోటు లేదు. ఈ విషయంలో వాళ్లూ మూలపేట వాళ్లూ ఒక పడవలో ఉన్నారు.

కాగితం మీద లేని హక్కు కావాలంటే ఏం జరుగుతుందో ఈ తీరానికి తెలుసు. థర్మల్ కేంద్రం వద్దన్నందుకు సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లి దగ్గర 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. కాకరాపల్లి ఉన్నది కూడా సంతబొమ్మాళి మండలంలోనే. సోంపేట ప్రాజెక్టు ఆగింది, నిజమే. వద్దు అనే ఒక్క మాటకు ప్రాణాలు పోవలసి వచ్చింది.

ఇక్కడ మా మీద గట్టి ప్రశ్న ఒకటి వస్తుంది. మా ఇంట్లోనే వచ్చింది. "అందర్నీ అడుగుతూ కూర్చుంటే గూడేనికి రోడ్డు వస్తాదా? నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చేది మనమే కదా?" అని. దీనికి మా దగ్గర తేలిక జవాబు లేదు. రోడ్డు కూడా ఎవరిదో చేను మీదుగానే వస్తుంది. అడిగితే ఒకోసారి కావలసిన పని కూడా ఆగుతుంది. ఆ నష్టాన్ని ఒప్పుకునే మేము మాట్లాడుతున్నాం. కానీ అడగడం అసాధ్యం అంటే మాత్రం ఒప్పుకోం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పాక, ఒడిశాలో నియమగిరి బాక్సైట్ గురించి 12 పల్లెసభలు పెట్టి అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. పక్క రాష్ట్రం సంగతే, దూరదేశానిది కాదు.

డబ్బు తీసుకున్నాక ఇష్టపడి ఇచ్చినట్టే కదా అని కొందరంటారు. కొందరు నిజంగా ఇష్టపడే ఉంటారు. పోర్టులో పని వస్తుందని ఆశపడ్డ కుర్రాళ్లు అక్కడా ఉంటారు. అయినా ఎలాగూ పోయే ఇంటికి వచ్చిన చెక్కు తీసుకోవడం, ఒప్పుకుని ఇవ్వడం రెండూ ఒకటి కావు.

త్యాగం అన్న మాటతో ఇంకో నష్టం ఉంది, అది మాటతో ఆగేది కాదు. త్యాగం చేసినవాడికి దండ వేస్తారు, శాలువా కప్పుతారు, అక్కడితో అయిపోతుంది. తీసుకున్నదైతే బాకీ. ఎంత తీసుకున్నారు, ఎంత ఇచ్చారు, పడవ లేకుండా ఒడ్డున వలలు బాగుచేసి బతికిన ముసలాయనకు ఏం ఇచ్చారు, చేపల తట్ట మోసిన ఆడమనిషి పేరు ఏ జాబితాలో ఉంది అని అడగవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల మనవడు కూడా అడగవచ్చు.

బడుల్లో వ్యాసాలు రాయించే టీచర్లకు ఒక మనవి. అభివృద్ధి వరమా శాపమా అని విషయం ఇచ్చే బదులు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు అని రాయించండి.

ఆ మూడు వ్యాసాలూ త్యాగం అన్న మాట కింద గీత గీసి వెనక్కి పంపాం. ఒక అమ్మాయి దాన్ని కొట్టేసి "ఖాళీ చేయించారు" అని రాసి పంపింది. మిగిలిన ఇద్దరూ ఒప్పుకోలేదు, కారణాలు కూడా రాశారు. వాళ్లవీ ఒక్క అక్షరం మార్చకుండా ఇందులోనే వేశాం.