ఆ నర్సు డ్యూటీ ఎప్పుడు దిగింది?

'చివరకు మిగిలేది' అనగానే మనకి బుచ్చిబాబు నవల గుర్తొస్తుంది. అదే పేరుతో 1960లో ఒక సినిమా కూడా వచ్చింది. నవలకీ దానికీ సంబంధం లేదు. దర్శకుడు గుత్తా రామినీడు, నర్సుగా సావిత్రి. అసిత్ సేన్ బెంగాలీలో తీసిన 'దీప్ జ్వేలే జాయ్' (1959)కి ఇది తెలుగు రూపం. మూలం ఆశుతోష్ ముఖోపాధ్యాయ కథ. అదే కథ తర్వాత వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ' అయింది. ఎంబీబీఎస్ చదివిన ప్రభాకర్ రెడ్డికి ఇదే తొలి సినిమా అన్నది క్విజ్‌లో పనికొచ్చే ముక్క.

కథ ఇదీ. మానసిక చికిత్సాలయంలో ఒక పెద్ద డాక్టరు కొత్త ప్రయోగం చేస్తుంటాడు. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన రోగిని నర్సు ప్రేమిస్తున్నట్టు నటించాలి. అతను కోలుకోగానే తప్పుకోవాలి. మొదటి రోగి కోలుకుని వెళ్ళిపోతాడు గానీ ఆమె మనసు వెనక్కి రాదు. ఇంకోసారి నా వల్ల కాదన్నా పని మళ్ళీ ఆమె నెత్తినే పడుతుంది. చివరికి అదే ఆసుపత్రిలో ఆమే రోగి అవుతుంది. (అరవై ఏళ్ళు దాటిన సినిమాకి స్పాయిలర్ వార్నింగ్ ఇవ్వను.)

ఇంజినీరింగ్ రోజుల్లో దీన్ని సావిత్రి కోసం చూశాను. త్యాగం, విషాదం, గొప్ప నటన అనుకుని ఊరుకున్నాను. రెండోసారి ఈమధ్యే, చోడవరంలో, మామ్మ పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో చూశాను. ఈసారి కోపం వచ్చింది.

వర్క్ ఫ్రమ్ హోమ్ పేరు చెప్పి మామ్మ దగ్గరికి వచ్చి కొన్ని నెలలైంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా వంటింటి రేకులు లేచిపోయినప్పుడు ఆవిడ ఆ వంటింట్లోనే ఉంది. అప్పట్నుంచి గాలంటే భయం. ఇప్పుడు మతిమరుపు దాని మీద వచ్చి కూర్చుంది. నిన్నటి విషయాలు పోయాయి, ఆ గాలి మాత్రం పోలేదు. కాస్త ఈదురుగాలి వీస్తే "కప్పు ఉందేట్రా ఇంకా?" అంటుంది. ఆ వెంటనే "మీ తాత ఏడీ?" అంటుంది. తాతయ్య పోయి ఆరేళ్ళు.

మొదట్లో నిజమే చెప్పేవాణ్ణి. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. అది చూడలేక, "చెరకు తోలుకుని గోవాడ ఫ్యాక్టరీకి వెళ్ళారు మామ్మా" అనడం మొదలుపెట్టాను. వెంటనే శాంతించేది. కాకపోతే చెరకు తోలిన మనిషి సాయంత్రానికి తిరిగి రావాలి కదా. దీపాలు పెట్టే వేళ నుంచి వాకిట్లో కూర్చుని, చీకటి పడేకొద్దీ బెంగ పెంచుకునేది. ఆ బెంగకి మళ్ళీ ఇంకో అబద్ధం. అంటే, సినిమాలో డాక్టరు రాసిచ్చిన మందే నేనూ ఇస్తున్నానన్నమాట.

తర్వాత అనకాపల్లి నుంచి ఒక సిస్టర్ రావడం మొదలైంది. గతంలో కొన్నేళ్ళు మానసిక రోగుల వార్డులో చేశారట. ఆవిడ తాతయ్య ఉన్నారనీ చెప్పరు, పోయారనీ చెప్పరు. "తాతగారు చెరకు తోలినప్పుడు ఏం కట్టిచ్చేవారమ్మా?" అని అడుగుతారు. చద్దన్నం, ఉల్లిపాయ, ఎడ్ల పేర్లు, అలా అరగంట గడిచిపోతుంది. ఆ రోజుకి ఎదురుచూపులు ఉండవు. గాలి వీస్తే "కప్పుకేం కాలేదు" అని చెప్పి ఊరుకోరు. మామ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికీ తీసుకెళ్ళి, గెడ మీద ఆవిడ చేతులే పెట్టిస్తారు.

ఇది చూశాక సినిమాలో పెద్ద లోటు కనిపించింది. నర్సింగ్ అంటే ఆ కథకి రెండే: ప్రేమ, లేదా ప్రేమ నటన. మూడోది లేదు. నటన ఆమెని ఏం చేస్తుందో సావిత్రి ముఖం మీద చూపిస్తుంది. రోగిని ఏం చేస్తుందని మాత్రం అంతగా అడగదు, కోలుకున్నాడు కదా అని సర్దుకుంటుంది.

ఈ సినిమాకి ఎనిమిదేళ్ళ ముందే, 1952లో, హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికన్ నర్సు ఒక పుస్తకం రాసింది. రోగికీ నర్సుకీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమంటుంది. అక్కడిదాకా మన డాక్టరుగారూ ఒప్పుకుంటాడు. కానీ ఆ సంబంధానికి దశలుంటాయి, చివరిది ముగింపు, దాన్ని కూడా ఇద్దరూ కలిసే పూర్తిచేయాలంటుంది పెప్లౌ. రోగితో జరిగిన సంభాషణల్ని రాసుకుని, తన స్పందనల్ని కూడా పరిశీలించుకోవడం నర్సులకి నేర్పింది. సినిమాలో ముగింపు లేదు, తెగ్గొట్టడమే ఉంది. రాసుకునే పుస్తకం లేదు, అడిగే మనిషి లేడు. మా టీమ్‌లో ఒక సర్వర్‌కి కూడా ఆన్‌కాల్ వారానికొకరం మారుస్తాం. ఇక్కడ మనిషి కూలిపోతే దానికి ఆడదాని మనసు అని పేరు పెట్టి, విషాద సంగీతం వేశారు.

మా సిస్టర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఎంత తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, దేనికి భయపడ్డారు, అన్నీ రాసి వెళ్తారు. ఒకరోజు కింద చిన్న అక్షరాలతో "ఈరోజు నాకు విసుగొచ్చింది" అని ఉంది. చదివి ముందు నాకు మండింది, జీతం ఇస్తున్నాం కదా అని. ఆ రాత్రే సినిమా రెండోసారి చూసింది. సావిత్రి నర్సుకి అలా ఒక్క వాక్యం రాసుకునే చోటుంటే కథ ఎటు పోయేదో అనిపించింది.

అయినా సినిమాని కొట్టిపారేయలేను. మా వైపు "వాల్తేరు పంపాలి" అంటే తిట్టు, హైదరాబాదులో ఎర్రగడ్డ లాగ. ఆ తర్వాతి మన సినిమాలు పిచ్చాసుపత్రిని ఎక్కువగా కామెడీకే వాడుకున్నాయి. 1960లో ఒక తెలుగు సినిమా అక్కడి రోగిని చూసి నవ్వలేదు, అక్కడి నర్సుని కథకి మధ్యలో నిలబెట్టింది. సంరక్షణ చేసే మనిషికీ గాయమవుతుందని గుర్తించింది. కారణం దగ్గరే దారి తప్పింది.

సిస్టర్‌కి ఓ పావుగంట సినిమా చూపించాను. డాక్టరు ప్రయోగం వివరిస్తున్న చోట, "ఈయన ఇంటికి ఎన్నింటికి వెళ్తారు బాబూ?" అని అడిగి, బస్సు టైమయిందని లేచారు.

నిన్న సిస్టర్ సెలవు. సాయంత్రం గాలి ఎక్కువగా ఉంది, నాకు కాల్ నడుస్తోంది. మామ్మ వచ్చి తాతయ్య ఏడని అడిగింది. మైకు మ్యూట్ చేసి "గోవాడ వెళ్ళారు మామ్మా" అనేశాను. రాత్రి పదకొండు దాకా వాకిట్లోంచి లేవలేదు.