పోలి పాడ్యమి దొప్ప

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. మార్గశిరం, దాంతోపాటే హేమంతం మొదలయ్యే రోజు. ఆ తెల్లవారుజామున గోదావరి, కృష్ణ రేవుల్లో ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఆ దీపాల పుణ్యం గురించి చాలా విన్నాం. వాటి పనితనానికి దక్కాల్సిన మెప్పు మాత్రం దక్కలేదనిపిస్తుంది నాకు.

అరటి బోదె అంటే పొరలు పొరలుగా చుట్టుకున్న పట్టలే. గెల కోశాక ఎలాగూ కొట్టేసే చెట్టు కాబట్టి దొప్ప కోసం ప్రత్యేకంగా దేన్నీ నరకక్కర్లేదు. పైపట్టలు ఎండి చీలిపోతాయి, మరీ లోపలివి లేతగా ఉండి వంగిపోతాయి. నడిమి పట్టను జానెడు ముక్కలుగా కోస్తే పుట్టుకతోనే దోనె ఆకారం ఉంటుంది. కోసిన అంచున చూడండి, పట్ట నిండా చిన్న చిన్న గాలి అరలు. అందుకే అది తేలుతుంది. పట్టలో ఊరిన నీటి వల్ల వత్తి చివరిదాకా కాలినా దొప్ప అంటుకోదు.

ఇక వత్తి. గింజ తీసిన పత్తిని వేళ్లతో సాగదీసి, కాస్త విభూతి అద్దుకుని పేనాలి. బిగువు ఎక్కువైతే నెయ్యి పైకెక్కదు, వదులైతే పొగలు కక్కి తొందరగా అయిపోతుంది. చలికి నెయ్యి పేరుకుంటుంది కనుక కరిగించిన నేతిలో ముందురోజే నానబెట్టుకుంటారు. దొప్పకు సరైనది పువ్వొత్తి. కిందున్న గుండ్రటి దూది నేతిని పట్టి ఉంచుతుంది, పైనున్న సన్నటి కొస మండుతుంది. దొప్ప అలకు ఒరిగినా ఒలికేదేమీ ఉండదు.

పోలి కథ తెలిసిందే. అత్త పెద్దకోడళ్లను వెంటబెట్టుకుని నదికి వెళుతూ చిన్నకోడలు పోలికి దీపం పెట్టుకునే వీలు లేకుండా చేస్తుంది. ఆమె పత్తి చెట్టు కింద రాలిన దూది ఏరి, కవ్వానికి అంటిన వెన్న తీసి దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లిస్తుంది. స్వర్గం నుంచి విమానం ఆమె కోసమే వస్తుంది. విమానం కన్నా ఆ దూదీ వెన్నా ఎక్కడివో చెప్పిన తీరే నాకు ఇష్టం.

ఇలాంటి వేడుకే ఒడిశాలో కార్తీక పౌర్ణమినాడు చేసే బోయిత బందాణ. కళింగ వర్తకులు ఒకప్పుడు బాలి, జావా దీవులకు ఓడలెక్కిన జ్ఞాపకంగా అరటి పట్టతో చేసిన చిన్న ఓడల్లో దీపం, తాంబూలం పెట్టి నీటిలో వదులుతారు. కటక్‌లో మహానది ఒడ్డున బాలి యాత్ర మొదలయ్యేదీ ఆ రోజే. థాయ్‌లాండ్‌లో ఇంచుమించు ఆ పౌర్ణమికే లోయ్ క్రథోంగ్ వస్తుంది. థాయ్‌లు పట్టలు విప్పరు. బోదెను అడ్డంగా బిళ్లలుగా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, పూలు, అగరువత్తులు, కొవ్వొత్తి పెడతారు. నీళ్లను వాడుకుని మురికి చేసినందుకు క్షమించమని నదీమాతను వేడుకుంటారు.

థర్మాకోల్ వచ్చి ఆ క్షమాపణకే అర్థం చెడగొట్టింది. బ్యాంకాక్‌లో నగర సిబ్బంది ఏటా జనం వదిలిన దొప్పలను నీటిలోంచి ఏరి, థర్మాకోల్‌వి వేరుచేసి లెక్కపెట్టాల్సి వస్తోంది. చేపలకు మేతవుతాయని రొట్టెతో చేసినవీ వచ్చాయి. చిన్న చెరువుల్లో అవి ఎక్కువైతే కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. మన రేవుల దగ్గరా థర్మాకోల్ దొప్పలు అమ్ముతున్నారు. చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఒక్క బోదె విప్పితే నాలుగిళ్లకు సరిపడా దొప్పలొస్తాయి. తెల్లారాక ఒడ్డుకు చేరిన వాటిని ఏరి తెచ్చి ఎరువు గుంటలో వేస్తే వానాకాలానికి మొక్కలకు పనికొస్తాయి.