జాజుకు దండం

జాజూ, నీకు దండం.

అంగట్లోంచి ఎర్రమన్ను గడ్డలుగా, కాగితంలో చుట్టుకుని వస్తావు. రాత్రంతా గురిగిలో నానితే తెల్లారేసరికి ఎర్రెర్రగా చిక్కబడతావు. నీ రంగంతా నీలోని ఇనుము తుప్పే. మా అమ్రాబాద్ చెలకల ఎరుపూ అదే, అంటే నువ్వు మాకు చుట్టానివి. వానలు తగ్గి, తంగేడు పూసి, బతుకమ్మ దగ్గరపడ్డ వేళ, నల్లమల గాలికి ఆరిన మట్టిగోడకు ముందు పెండతో అలుకుడు. అది ఆరినంక నువ్వు. నీ మీద సున్నంతో తీగలు, బొట్లు. ఎరుపు మీద తెలుపు పడ్డదంటే ఇంటికి పండుగ వచ్చినట్టే.

నిన్ను పుయ్యడం నాకు మా అత్తమ్మ నేర్పింది. పుస్తకం లేదు, కొలత లేదు. ఈతమట్ట కొసను రాయితో నలగ్గొడితే పీచు విచ్చుకుని కుంచె అయ్యేది. బొట్లకు మాత్రం చూపుడు వేలే. సున్నం పలచనైతే కారుతుంది, చిక్కనైతే పగిలి రాలుతుంది. ఆ సంగతి వేలికే తెలియాలి. "గుంజకు బిడ్డా, చెయ్యిని పోనియ్యి" అనేది. తీగ వంపు మోచేతి నుంచి రావాలట, మణికట్టు నుంచి వస్తే ముడుచుకుంటుందట. నిజమే. వాకిట్లో ముగ్గు తప్పితే చెరిపి మళ్లీ వేస్తాం. గోడ మీది తీగను తుడిస్తే కింది జాజు కూడా లేస్తుంది.

నీ మీది తీగల్లాగే, ఎక్కడో నార్వేలో రైతుల ఇళ్లల్లో కర్రపెట్టెల మీద, అలమరల మీద పూలతీగలు వేసే కళ ఉంది. రోజ్‌మాలింగ్ అంటారు. 18వ శతాబ్దంలో టెలిమార్క్, హల్లింగ్‌డాల్ ప్రాంతాల్లో అది విరబూసింది. వలసపోయినవాళ్ల వారసులకు నేర్పడానికి 1967లో అమెరికాలోని అయోవాలో వెస్టర్‌హైమ్ మ్యూజియం, నార్వే చిత్రకారుడు సిగ్మండ్ ఆర్సెత్‌ను గురువుగా పిలిపించింది. వాళ్లకు గురువుతోపాటు తాతల పెట్టెలూ మిగిలాయి. పాత తీగను కళ్లారా చూసుకోవచ్చు.

నీకా భాగ్యం లేదు జాజూ. నాలుగు గట్టి వానలకే బయటి గోడ దిగి వాకిట్లోకి జారిపోతావు. అత్తమ్మ వేసిన తీగ ఇవాళ ఏ గోడ మీదా లేదు, ఉన్నదల్లా నా మోచేతిలోనే. ఏటేటా చెరిగిపోతావు గనకే ఏటేటా ఒక చెయ్యి ఇంకో చేతికి నిన్ను అప్పజెప్పింది.

ఇప్పటి ఎమల్షన్ రంగు పూసిన గోడ నీళ్లు తాగదు, దాని మీద నువ్వు నిలవవు. డబ్బా రంగు ఏళ్లకేళ్లుంటుంది, మంచిదే. కానీ దానికోసం అత్త కోడలికి నేర్పేదేమీ ఉండదు. నా పేచీ అంతవరకే.

అమ్మలారా, ఈ దసరాకు రంగులేసే మేస్త్రీ వస్తే పెరటి గోడ ఒక్కటి వదిలెయ్యమనండి. ఇంట్లో అవ్వ ఉంటే జాజు నానబెట్టి ఇవ్వండి. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా, ఇంట్లో ఉన్న బిడ్డను ఆమె పక్కన నిలబెట్టండి.