కన్యాశుల్కపీఠికలోని అంకెలు

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి వెలువడిన విమర్శలలో మిక్కిలి పాలు గిరీశము మాటకారితనమును, మధురవాణి చాతుర్యమును, వ్యావహారికభాషాప్రయోగమును గూర్చినవే. 1897వ సంవత్సరమున ప్రథమముద్రణమునకు గ్రంథకర్త ఆంగ్లమున వ్రాసిన పీఠికను భాషావాదమునకై యుదాహరించువారు పలువురు గలరు. అందలి అంకెలను నాటకముతో జోడించి చదువుట మాత్రము అరుదు. ఆ యంకెలను విడిచిన నాటకము సగమే బోధపడును.

పీఠికలోని విషయమిది. గ్రంథముద్రణమునకు సుమారు పదేండ్లకు ముందు విజయనగరప్రభువులైన ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో శుల్కము గొని చేసిన వివాహముల పట్టికను సిద్ధము చేయింప నాజ్ఞాపించిరి. మూడేండ్ల కాలమున నట్టి వివాహములు 1034 లెక్కకు వచ్చినవి. ఏడాదికి సగటున 344. అందు ఐదేండ్ల బాలికలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3. ఈ చివరివారికి వెల తలకు 350 మొదలు 400 రూపాయలవరకు. ఈ యైదు వరుసలను గూడిన 188 అగును. అనగా మొత్తమున నైదవవంతునకు కొంచెము తక్కువ. సొమ్ము గొంటిమని యొప్పుకొనుట కెవరికిని ఇష్టము లేకుండుటచే పట్టిక సంపూర్ణము కాదనియు, ఉన్నంతవరకు నమ్మదగినదనియు గ్రంథకర్తయే చెప్పెను. చేయుటకు లేని సిగ్గు ఒప్పుకొనుటకు వచ్చినది! ఈ రెంటి నడుమనే నాటకమంతయు నడచుచున్నది.

ఆ 1897వ సంవత్సరముననే ఫ్రాన్సుదేశమున ఎమీల్ డర్కైమ్ ఆత్మహత్యను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. ఈ రెంటికి కాలసామ్యమే గాని వేరు సంబంధము లేదు. అయినను పోల్చి చూడదగినవి. ఆత్మహత్యకంటె ఒంటరి కార్యము వేరొండు లేదని లోకము తలచును. సుమారు 26,000 మరణముల లెక్కలను వర్గీకరించి చూడగా, ఒక్కొక్క సమాజమున నట్టి మరణముల పాలు ఏటేట నించుమించుగ స్థిరముగ నుండుటయు, కాథలిక్కులలోకంటె ప్రొటెస్టెంటులలో హెచ్చుగ నుండుటయు డర్కైమునకు గన్పట్టెను. మరణించినవారు వేరు, వారు చెప్పిన కారణములు వేరు. పాలు మాత్రము అంతగా మారదు. కావున వ్యక్తికి వెలుపలనుండి వ్యక్తిని కట్టివేయు సాంఘికశక్తి యొకటి కలదని యాతని సిద్ధాంతము. 1959లో అమెరికా పండితుడు సి. రైట్ మిల్స్ ఇట్టి విషయమునే సుబోధముగ వివరించెను. లక్షమంది గల పట్టణమున నొక్కనికి పని లేకున్న నది వాని స్వభావమును, నేర్పును బట్టి విచారింపదగిన సొంత యిక్కట్టు. ఐదుకోట్ల పనివారు గల దేశమున కోటి యేబదిలక్షలమందికి పని లేకున్న నది దేశవ్యవస్థను బట్టి విచారింపవలసిన సమస్య. ఒక మనుష్యుని జీవితమునకును దేశచరిత్రకును గల ముడిని గుర్తించు చూపే సమాజశాస్త్రమునకు ప్రాణమని యాతని మతము.

ఈ చూపుతో అగ్నిహోత్రావధానుల యింటిని పరిశీలింపవలెను. పెద్దకూతురు బుచ్చమ్మ వెలకు బోయి, బాల్యముననే విధవయై పుట్టింట నున్నది. రెండవకూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు గట్టబెట్ట తండ్రి నిశ్చయించినాడు. ఆ లుబ్ధావధానుల యింటను మీనాక్షి యను విధవ కలదు. కూతురు విధవ, తండ్రి పెండ్లికొడుకు! అగ్నిహోత్రావధానులు పేరునకు దగిన క్రోధి, లుబ్ధావధానులు పేరునకు దగిన లోభి. నామకరణముననే కవి విమర్శకులను దారి తప్పించెనేమో. క్రోధలోభములచేతనే ఈ పెండ్లి కుదిరినదనుట నాలుగణాల సత్యము. తక్కిన పండ్రెండణాలు వేరొకచోట నున్నవి. శుల్క మియ్యగల వరుడు సొమ్ముగలవాడై యుండవలెను; సొమ్ము చేరునప్పటికి పలువురకు వయస్సు మీరును; వయస్సు మీరినవాడు ముందుగ గతించును; అంతట భార్య బాలవిధవ యగును. 1856 నాటి చట్టము పునర్వివాహమునకు ద్వారము దెరచినను, 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినను, అగ్రహారమున నా ద్వారము మూసియే యుండెను. భార్య పోయినవాడు మరల పెండ్లాడును, భర్త పోయినది పెండ్లాడరాదు. కావున కన్యల కొరత తీరదు. కొరత తీరనిది వెల తగ్గదు. ఈ చక్రము తిరుగుటకు ఎవ్వడును రాక్షసుడు కానక్కరలేదు. ప్రతివాడును తన యింటి జమాఖర్చు తాను చూచుకొన్న జాలును. నాటకమున వెంకమ్మ యొక్కతెయే యీ పెండ్లికి ప్రాణము లొడ్డి యెదురు నిలిచినది. ఇంటి జమాఖర్చు ఆమె చేతిలో లేదు.

శుల్కాచారము అంతరించినది గావున నాటకమునకు పని తీరినదనియు, మిగిలినది హాస్యమేననియు చెప్పువారు గలరు. వారి వాదము పైకి సమంజసముగనే తోచును. కాని యిచ్చటనే పరీక్ష కలదు. లోభమే కారణమైనచో, ఆచారము పోవుటకు లోభము తగ్గి యుండవలెను. తగ్గలేదు. అట్టి కుటుంబములలోనే తరువాతి తరములవారు కూతునకు వెల గొనుట మాని కుమారునకు కట్నము గొనసాగిరి. 1961లో దానిని నిషేధించుచు చట్టము చేయవలసి వచ్చినది. స్వభావములు నాటివే, సొమ్ము నడచు దారి తలక్రిందైనది. ఆంగ్లవిద్యయు, దొరతనమువారి కొలువును వరునకు వెల దెచ్చినవి. ఈ మార్పునకు బీజము నాటకముననే కలదు. అగ్నిహోత్రావధానులు ఆడుపిల్లలకు సొమ్ము పుచ్చుకొనుచు, గొణుగుచునే వెంకటేశము చదువునకు సొమ్ము వ్యయించుచున్నాడు. రానున్న వరశుల్కమునకు ఆ వ్యయమే తొలి పెట్టుబడి. కవి దీనిని ముందుగ నెరిగి వ్రాసెనని చెప్పుట సాహసము. ఎదుట నున్న యింటిని ఉన్నట్లు చూచినందున నది తానుగ వచ్చి చేరినది.

గిరీశమును గూర్చి విస్తరింప బనిలేదు. సంస్కారమును గూర్చిన మాటలు పట్టణమున నాణెమువలె చెల్లుచున్న కాలమున, ఆ నాణెమును దొంగగా ముద్రించినవాడు గిరీశము. ఇరువదియేండ్లు ముందుగ పుట్టియుండిన నా నైపుణ్యమునకు అంగడి దొరకెడిది కాదు. ఆతని ధూర్తత్వము సొంతము. ఆ ధూర్తత్వమునకు దొరకిన వేషము కాలముది.

ఇంతవరకు గుణము. దోషమును చెప్పవలసియున్నది. చక్రము నింత స్పష్టముగ జూపిన కవి, దానినుండి సుబ్బిని తప్పించుటకు కరటకశాస్త్రి పన్నుగడను, శిష్యుని యాడువేషమును, మధురవాణి తెలివిని నమ్ముకొనెను. పట్టికనుండి యొక యంకె తొలగినది. 1033 అట్లే యున్నవి. బుచ్చమ్మ సౌజన్యారావు పంతులుగారి దయచే పూనా వితంతుశరణాలయమునకు పోవలసినదగుచున్నది. ఆమె విడిచిన అగ్రహారమున నేమియు కదలలేదు. ప్రహసనధర్మ మట్టిదని సమాధానము చెప్పవచ్చును. అది కొంతవరకు సత్యమే. సమస్యను సమష్టియందు జూపి పరిష్కారమును వ్యష్టియందు వెదకుట గ్రంథమున కొక పగులు. దానిని హాస్యరసముతో కప్పుట తగదు.

వేరొకటి యింతకంటె గట్టి లోపము. డర్కైము పట్టికలలో మరణించినవారి ముఖములు కానరావు. శాస్త్రమునకు అవి యక్కరలేదు. నాటకమున కక్కర గలదు. మహారాజుగారి పట్టికలోని బాలికలకు వయస్సు కలదు, వెల కలదు. నాటకము వారిలో నొకతెకు సుబ్బి యని పేరిడి, తల్లిని, అక్కను, అన్నను ఇచ్చెను. మాటలు మాత్రము మిక్కిలి కొంచెముగ నిచ్చెను. ఆమెను గూర్చి యెల్లరును వాదింతురు, ఏడ్తురు, బేరమాడుదురు. 1909 నాటి ద్వితీయముద్రణమున నాటకము ఐదంకములనుండి యేడంకములకు బెరిగినప్పుడు మధురవాణి పాత్ర విరివిగ బెరిగినది. సుబ్బి పాత్ర పెరుగలేదు.