స్తంభమెక్కి చూపించాలి

జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి రాత పరీక్షలో నెగ్గితే సరిపోదు. మెరిట్ జాబితాలో పేరున్నవాళ్లను పిలిచి, కరెంటు స్తంభం ముందు నిలబెట్టి, ఎక్కమంటారు. ఎక్కి దిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఈ అంచెకు మార్కులుండవు. హనుమకొండ నక్కలగుట్ట కేంద్రంగా నడిచే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2018లో 2,553 జూనియర్ లైన్‌మన్ (జేఎల్‌ఎం) పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడూ పద్ధతి ఇదే. పాత వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల పంపిణీ తీగల్లో చాలావరకు ఈ సంస్థవే. వాటిని చూసుకునే మనుషులు ఈ వాకిలి దాటే లోపలికొస్తారు.

నియామకాల గురించి మన దగ్గర జరిగే చర్చంతా కటాఫ్‌ల చుట్టూ, రోస్టర్ పాయింట్ల చుట్టూ తిరుగుతుంది. పరీక్ష ఎంత బాగా తయారైందన్న మాటే రాదు. స్తంభం పరీక్ష పనితనం ఎరిగినవాళ్లు తయారుచేసిన పరీక్ష. దాన్ని దగ్గరగా చూడాలి.

ముందు ఆ స్తంభాన్ని చూడండి. బిగించి లాగిన ఉక్కు తీగల చుట్టూ కాంక్రీటు పోసి చేసింది. పల్లెల్లో ఎక్కువగా కనిపించేది 8 మీటర్లది. ఆరో వంతు భూమిలో పాతినా ఆరున్నర మీటర్లకు పైగా బయట ఉంటుంది, అంటే రెండంతస్తుల డాబా ఎత్తు. గుండ్రంగా ఉండదు, పలకలు తేలి ఉంటుంది. తాటిచెట్టుకుండే గరుకు దీనికి లేదు. చేతుల బలంతో లాక్కుంటూ ఎక్కబోయినవాడు సగంలోనే ఆయాసపడతాడు. ఒడుపు తెలిసినవాడు అరికాళ్లను రెండు పక్కలా అదిమి, బరువంతా కాళ్ల మీదే వేస్తాడు. చేతుల పనల్లా ఒంటిని స్తంభానికి దగ్గరగా పట్టి ఉంచడమే. మోకాళ్లు ముడిచి కాళ్లను పైకి తెచ్చుకుంటాడు, మళ్లీ అదిమి లేస్తాడు. దిగడం ఇంకా కష్టం. అప్పటికే అలిసిన తొడలు పట్టు వదిలితే ముంజేతులు, తొడల లోపలివైపు తోలు గీసుకుపోతాయి. కండలున్న కుర్రాడు వెనుదిరగడం, బక్కపలచనివాడు చకచకా పైకి పోవడం ఇక్కడ వింతేమీ కాదు. బలాన్ని ఎక్కడ వాడాలో ఎక్కడ దాచుకోవాలో తెలిసినవాడే పైదాకా పోతాడు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త పద్ధతీ కాదు. గీత కార్మికులకు లైసెన్సు ఇచ్చేటప్పుడు చెట్టెక్కించి చూడడం ఆబ్కారీ శాఖలో ఉన్నదే. కాజీపేట మీదుగా పోయే పట్టాలను చూసుకునే ట్రాక్‌మన్ కావాలన్నా పురుషులు 35 కిలోల బరువు మోస్తూ వంద మీటర్లు రెండు నిమిషాల్లో, కింద దించకుండా నడవాలి. అయితే బరువు మోయడం పనిలో ఒక ముక్క. స్తంభమెక్కడం అలా కాదు, లైన్‌మన్ చేసే ప్రతి మరమ్మతూ అక్కణ్నుంచే మొదలవుతుంది.

నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా నచ్చేది మరొకటుంది. సంస్థ అభ్యర్థిని చూస్తున్నంతసేపూ అభ్యర్థి కూడా ఆ ఉద్యోగాన్ని చూస్తాడు. నాలుగు మీటర్ల ఎత్తులో కాళ్లు వణికినప్పుడు, ఇది వర్షంలో, రాత్రిపూట, పొలం గట్టు మీద చేయాల్సిన పని అని ఒంటికి తెలిసిపోతుంది. జీతం చూసి వచ్చినవాడు అక్కడే నిర్ణయించుకోగలడు. అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు 1973లో టెలిఫోన్ ఆపరేటర్లుగా చేరబోయేవాళ్లపై ఒక అధ్యయనం ప్రచురించాడు. పనిలోని మంచీ చెడూ ముందే ఉన్నదున్నట్టు చూపిస్తే చేరాక ఆశాభంగం తగ్గుతుందని ఆయన వాదన. ఆ దేశంలోనే బెల్ టెలిఫోన్ వ్యవస్థలో స్తంభాలెక్కే ఉద్యోగాల మీద 1979లో మరో అధ్యయనం వచ్చింది. అందులో బలంతో పాటు ఒంటి నిలకడనూ కొలిచి, శిక్షణలో ఎవరు నెగ్గుకొస్తారో చూశారు. మన దగ్గర ఆ పనంతా ఒక్క స్తంభమే చేస్తోంది.

పరీక్ష ఎంత నిక్కచ్చిగా ఉన్నా దాని దగ్గరికే రానివ్వకపోతే ఏం లాభం? దక్షిణ తెలంగాణ పంపిణీ సంస్థ 2019లో ఇచ్చిన జేఎల్‌ఎం ప్రకటనలో మహిళలకు చోటు లేదు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష, మహబూబాబాద్ జిల్లా యువతి మరొకరు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశంతో 2020 డిసెంబరులో శిరీష స్తంభమెక్కి చూపించింది, 2021లో ఉద్యోగంలో చేరింది. ఆడవాళ్లు ఎక్కలేరన్నది కాగితం మీది ఊహ. దాన్ని తేల్చడానికి కావలసిన సాధనం మొదట్నుంచీ సంస్థ ఆవరణలోనే పాతి ఉంది.

ఇక పరీక్ష దగ్గర ఇంత పట్టు ఎందుకో చూద్దాం. ఇలాంటి సంస్థల్లో ఉద్యోగం మానేసేవాళ్లు అరుదు. అందుకని మనుషులు నిలిచినట్టేనని అనుకోకూడదు. పేరు రిజిస్టర్‌లో ఉండి, మనిషి స్తంభానికి దూరమైతే ఆ ఖాళీ లెక్కల్లో కనబడదు. ఎక్కలేనివాడికి ఉద్యోగమిచ్చినంత మాత్రాన ఎక్కాల్సిన పని ఆగదు కదా. ఊళ్లో ఏ ఆధారమూ లేని కుర్రాడెవడో ఎక్కుతాడు, జారిపడితే అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. నియామకం దగ్గర చూపిన పట్టుదల చివరికి అతని ప్రాణాన్నీ కాపాడుతుంది. పనే పరీక్షగా లోపలికొచ్చినవాళ్లూ ఉన్నారు. 2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు దాదాపు 23 వేల మంది అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని ఆర్టిజన్లుగా తమలోకి తీసుకున్నాయి. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఓర్చి పని చేసి చూపించినవాళ్లు వాళ్లు. అంతకు మించిన పరీక్ష నాకు తోచదు.

ఒక్క లోటు మాత్రం నన్ను వేధిస్తుంది. పరీక్షలోని స్తంభానికి కరెంటు ఉండదు. అసలు పనిలో, ఎక్కకముందు చేసేదే ప్రాణాన్ని నిలబెడుతుంది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోవాలి. తీగను విడదీసే ఏబీ స్విచ్ లాగి, మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో తలెత్తి కళ్లారా చూడాలి. ఏ ఇంటి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి తన్నే వీలుంది కాబట్టి ఎర్త్ రాడ్లు వేయాలి. బెల్టు బిగించాలి. కింద రైతులు నారుమడి ఎండుతోందని తొందరపెడుతుంటే ఇవన్నీ వరసగా చేయగలగడం, ఎల్‌సీ రాలేదు కాబట్టి ఎక్కనని చెప్పగలగడం కూడా ఒంటి బలమంత అవసరమైన సామర్థ్యమే. చేరాక శిక్షణలో నేర్పుతారన్నది నిజమే. కానీ స్తంభం మొదట్లో అభ్యర్థి చేతికి ఒక ఫోన్, ఒక రాడ్ ఇచ్చి, పక్కన ఒకరిని నిలబెట్టి "తొందరగా ఎక్కు" అనిపించి, అతను ముందుగా దేన్ని అందుకుంటాడో చూడడానికి అదనంగా పట్టేది పది నిమిషాలే. ఆ పది నిమిషాలూ వచ్చే ప్రకటన నుంచే చేర్చాలి.